పద్దెనిమిది పొట్టి బల్లలు

ముందు ఒట్టు. నేను రాయబోయేదాంట్లో ప్రతి ముక్కా నిజం. ఖైరతాబాద్ గణపతి సాక్షి. ఇంట్లో పటంలో ఉన్న దేవుడి మీద ఒట్టేసి ఎవరైనా బొంకవచ్చు. మెడ వెనక్కి విరిచి చూస్తే గానీ ముఖం కనబడనంత ఎత్తు దేవుడి మీద బొంకితే, పడే మొట్టికాయ కూడా అదే కొలతలో ఉంటుంది. నాకంత ధైర్యం లేదు. ఇక వినండి.

నేను ఉద్యోగం మానేసి రెండేళ్లయింది. వయసు మీరి కాదు, నాకింకా జుట్టుంది. పాతికేళ్ల పైచిలుకు ఒకే రకం పని చేశాను, చాలనిపించింది. ఆ పనికి ఇప్పుడు పెద్ద పెద్ద పేర్లు వచ్చాయి గానీ మా రోజుల్లో అడ్మిన్ అనేవారు. ఆఫీసులో కుళాయి కారినా, కుర్చీ విరిగినా, కరెంటు పోయినా తిట్టడానికి ఒక మనిషి కావాలి కదా, ఆ మనిషిని నేను. ఈ మధ్య ఆ పనిలో చేరిన పిల్లలు కొందరు ఫోన్ చేసి, "సార్, మీ సర్వీసులో అన్నిటికంటే కష్టమైన పని ఏది?" అని అడుగుతుంటారు. ఒక కంపెనీని రాత్రికి రాత్రి ఇంకో బిల్డింగులోకి మార్చిన కథ చెబుతాననుకుంటారు. అది కష్టం కాదు. కావలసిన సామాను ఎక్కడికైనా తీసుకెళ్లవచ్చు. అక్కర్లేని సామానుని గుమ్మం దాటించడమే కష్టం. నాకు ఆ పాఠం నేర్పినవి పద్దెనిమిది టేకు బల్లలు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. అప్పటి అమీర్‌పేటలో నేల మీద నడిచేవాళ్లం కాదు, కరపత్రాల మీద నడిచేవాళ్లం. జావా, మెయిన్‌ఫ్రేమ్, టెస్టింగ్. గోడకి గోడకి మధ్య ఉన్న గాలిలో కూడా బ్యానరు కట్టేవారు. మా ఇన్‌స్టిట్యూట్ అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు పోయే సందుల్లో ఒకదాంట్లో, రెండో అంతస్తులో ఉండేది. అంతకు ముందు అది టైపు ఇన్‌స్టిట్యూట్. మా డైరెక్టర్ గారు దాన్ని కొని, ముందు గదుల్లో కంప్యూటర్లు పెట్టి, బోర్డు మార్చారు. వెనక హాలు మాత్రం పాత హాలుగానే మిగిలిపోయింది. అందులో పద్దెనిమిది టైపు బల్లలు, పని చేసే మిషన్లు పదకొండు, వాటికి పదకొండు మంది విద్యార్థులు, వీళ్లందరికీ కలిపి ఒక టైపు మేడం.

మేడం ఎర్రగడ్డ నుంచి వచ్చేవారు. యాభై దాటిన మనిషి. ఆ హాల్లో ఇరవై రెండేళ్లుగా పాఠం చెబుతున్నారు. కళ్లు మూసుకుని కూర్చుని, గదిలో ఎవరి వేలు ఏ అక్షరం మీద తప్పు పడిందో చెప్పేవారు. "కిటికీ పక్కన పసుపు చొక్కా, నీ చిటికెన వేలు నిద్రపోతుంది," అనేవారు కళ్లు తెరవకుండానే. నేను రెండు మూడుసార్లు పరీక్షించాను. పసుపు చొక్కా ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒక సోమవారం డైరెక్టర్ గారు నన్నూ మేడంనీ పిలిపించారు. ఆయనది మా గోదావరి వైపే. మంచి మనిషి, కాకపోతే తొందర మనిషి.

"వచ్చే సోమవారం జావా కొత్త బ్యాచ్ అండి. ముందు గదులు చాలవు. వెనక హాలు కావాలి. ఆదివారం సాయంత్రానికి ఆ బల్లలన్నీ బయటుండాలి. ఏవయ్యా, అవుద్దా?" అన్నారు.

"అవుద్దండి," అన్నాను. అడ్మిన్‌లో చేరినవాడికి మొదట నేర్పే మాట అదే.

మేడం చేతిలో రుమాలు మడత పెడుతూ, "సారు, పదిహేను దినాలు ఆగున్రి. గీ పదకొండు మందికి టైపు హయ్యర్ పరీక్ష ఉన్నది. అయినంక నేను సుత పోత, బల్లలు సుత పోతయ్," అన్నారు.

"ముందు గదుల్లో కంప్యూటర్ టేబుళ్లున్నాయి కదండి. వాటి మీద మిషన్లు పెట్టుకుని ప్రాక్టీసు చేయించండి."

"అవి ఎత్తు సారు. మిషనే జానెడు ఎత్తుంటది, అందుకే దీని బల్ల పొట్టిగ చేస్తరు. ఎత్తు మారితె చెయ్యి మారుతది, చెయ్యి మారితె స్పీడు పడిపోతది. పదిహేను దినాలల్ల కొత్త ఎత్తు నేర్పుడు నాతోని గాదు."

డైరెక్టర్ గారు కిటికీలోంచి చూస్తూ, "టైపు కాలం అయిపోయింది మేడం," అన్నారు. కోపంగా అనలేదు. వర్షం వెలిసింది అన్నట్టు అన్నారు.

ఆ పదకొండు మంది సంగతి మీకు చెప్పాలి. సాఫ్ట్‌వేర్ అందరికీ కాదు కదా. హయ్యర్ పాసయితే ప్రభుత్వాఫీసులో టైపిస్టు కొలువుకి దారి. అందులో ఒకామె రోజూ సంగారెడ్డి నుంచి బస్సులో వచ్చేది. ఇంకొకతను లక్డీకాపూల్‌లో ఒక హోటల్లో బిల్లులు రాసే పని ముగించుకుని మధ్యాహ్నం పరిగెత్తుకొచ్చేవాడు. మెట్లెక్కుతూనే చేతి వేళ్లు విరుచుకునేవాడు. ఏడాదిగా నేర్చుకుంటున్నారు. పదిహేను రోజులు బల్ల లేకపోతే ఆ ఏడాది గాల్లో కలుస్తుంది. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ "అవుద్దండి" అన్నాను. కాబట్టి నన్ను మరీ మంచివాణ్ణి అనుకోకండి.

మంగళవారం నుంచి బల్లలకి మనుషుల్ని వెతకడం మొదలుపెట్టాను. పాత ఫర్నిచరు కొనేవాళ్లు ముగ్గురు వచ్చారు. మొదటివాడు బల్ల మీద గోటితో కొట్టి, "టేకే, మస్తుంది," అని, తర్వాత దాని పక్కన నిలబడి, మోకాలి పైన ఎంత వస్తోందో చూసుకుని, "గిదేంది అన్నా, గింత పొట్టిగున్నది? నర్సరీ బడి నడిపిన్రా?" అన్నాడు. రెండోవాడు కాళ్లకి అతుకులు వేసి ఎత్తు పెంచవచ్చన్నాడు గానీ, ఆ అతుకులు నన్నే వేయించి ఇమ్మన్నాడు. మూడోవాడు చూసి నవ్వి, టీ తాగి వెళ్లిపోయాడు.

మా సందు చివర మెస్ నడిపే ఆయన దగ్గరికి వెళ్లాను. "అన్నా, ఊరికే తీసుకోండి. మీ దగ్గర పిల్లలు నిలబడి తింటున్నారు కదా," అన్నాను.

ఆయన గరిటె పక్కన పెట్టి నన్ను జాలిగా చూశాడు. "నిలబడి తింటుండ్రు కాబట్టే గంట తిరగకముందే యాభై మంది తిని పోతుండ్రు. కూసోబెడితే ఒక్కడన్న లేస్తడా? సాంబార్ల చెయ్యి పెట్టి ఇంటర్వ్యూ ప్రశ్నలు చెప్పుకుంటరు. నా పొట్ట గొట్టకు అన్నా."

బుధవారం పొద్దున్నే ఒక బల్లని కిందికి దింపించి, పంజాగుట్ట వైపు మలుపు దగ్గర ఫుట్‌పాత్ మీద వదిలేసి వచ్చాను. ఎవరో ఒకరు తీసుకుపోతారని లెక్క. హైదరాబాద్‌లో ఫుట్‌పాత్ మీద చెప్పులు వదిలితే అయిదు నిమిషాలు ఉండవు. మధ్యాహ్నం భోజనం చేస్తున్నాను. మెట్ల మీద బూట్ల చప్పుడు. ట్రాఫిక్ కానిస్టేబులు. వెనకాల ఇద్దరు మనుషులు బల్ల మోసుకొస్తున్నారు.

"డ్రాయర్‌ల మీ ఇన్‌స్టిట్యూట్ రసీదు బుక్కున్నది సార్. బండి మీదికెళ్లి పడిపోయినట్టున్నది. ఎండల ఉంటే చెక్క పాడైతదని తీస్కొచ్చిన," అన్నాడాయన.

ఆయనకి మంచినీళ్లిచ్చి, దండం పెట్టి పంపించాను. పక్క గదిలో మేడం నవ్వుతున్నారు. గొంతు బయటికి రాకుండా నవ్వుతున్నారు గానీ, టైపు మిషను మీద పెట్టిన గ్లాసు కదిలినట్టు భుజాలు కదులుతున్నాయి.

ఆ సాయంత్రం ట్రాలీ ఆటో నడిపే అన్నని పట్టుకున్నాను. మాకు కంప్యూటర్ డబ్బాలు మోసుకొచ్చేది ఆయనే. మేడం వాళ్ల ఎర్రగడ్డే ఆయనదీనూ. "ఆదివారం పొద్దున రా అన్నా. ఏం చేసుకుంటావో నీ ఇష్టం. ఎవరికైనా ఇచ్చెయ్," అన్నాను. ఆయన తల గోక్కుని, "ఊకెనే ఇస్తున్నవంటే తీస్కపోత గానీ, జర ఆలోచించాలె. నాకు సుత ఇంట్ల జాగ లేదు," అన్నాడు. అది అవుననో కాదనో నాకు తేలలేదు.

అందుకని గురువారం నా సొంత విద్య వాడాను.

నాకు భగవంతుడిచ్చిన విద్య ఒక్కటే, మాట అల్లడం. టీ బండి దగ్గర మా జావా విద్యార్థులు ఇద్దరు నిలబడ్డారు. వాళ్లకి వినబడేలా పక్కవాడితో అన్నాను: "వెనక హాల్లో ఆ పొట్టి బల్లలు తీసేస్తున్నారట. పాపం. పోయిన బ్యాచ్‌లో వాటి దగ్గర కూర్చుని చదివిన ఏడుగురికీ ఏడు ఆఫర్లు వచ్చాయి. ఒకతను సెంటిమెంటుగా బల్లనే అడిగాడు, ఇవ్వలేదు."

నా ఎత్తు ఏమిటంటే, ఈ మాట హాస్టళ్లకి పాకుతుంది, హాస్టలు కుర్రాళ్లు వచ్చి తలా ఒక బల్ల మోసుకుపోతారు, ఆదివారానికి హాలు ఖాళీ. అమీర్‌పేటలో ఆ రోజుల్లో పుకారుకి రెక్కలక్కర్లేదు, షేర్ ఆటో చాలు. అనుకున్నట్టే పాకింది. శుక్రవారం పొద్దున్న రిసెప్షన్ దగ్గర ఇరవై మంది. కానీ వాళ్లకి బల్ల వద్దట. ఆ బల్ల దగ్గర సీటు కావాలట.

"మేడం, పొట్టి బల్ల బ్యాచ్ ఎన్ని గంటలకండి?" అని ఒకడు రిసెప్షన్ అమ్మాయిని అడుగుతున్నాడు.

"అలాంటి బ్యాచ్ లేదండి."

"ఫుల్ అయిపోయిందాండి? వెయిటింగ్‌లో పెట్టండి ప్లీజ్. మా రూమ్మేట్ పేరు కూడా రాయండి."

శనివారానికి డైరెక్టర్ గారి గదికే చేరిపోయారు. ఆయన నన్ను పిలిచి తలుపేశారు.

"ఏంటయ్యా ఇది? ఆ బల్లల మీద ఏడుగురికి ఉద్యోగాలొచ్చాయా?"

"అలా అంటున్నారండి."

"ఎవరంటున్నారు?"

"అందరూనండి," అన్నాను. అప్పటికి అది నిజమే కదా.

ఆయన కాసేపు పెన్ను తిప్పి, "సరే. హాల్లో కంప్యూటర్లు ఆ బల్లల మీదే పెట్టిద్దాం. పొద్దున జావా. మధ్యాహ్నం కంప్యూటర్లు పక్కకి జరిపి, మేడం గారిని పరీక్ష అయ్యేదాకా చెప్పుకోమను. బల్లలు మాత్రం పోకూడదు," అన్నారు.

నేను వెళ్లి మేడంకి చెప్పాను. ఆమె నన్ను తేరిపార చూశారు. "ఏడుగురెవరు తమ్మీ?" అన్నారు. "ఉంటారు మేడం, ఎక్కడో," అన్నాను. "అబద్ధమాడినవు," అన్నారు. తిట్టలేదు. మధ్యాహ్నం తన డబ్బాలోంచి రెండు సకినాలు తీసి నా బల్ల మీద పెట్టి వెళ్లారు. ఇరవై రెండేళ్లలో తప్పు చేసినవాడికి ఆమె తినడానికి ఏదైనా పెట్టడం అదే మొదటిసారి అని తర్వాత విన్నాను.

ఇక్కడితో ఆగి ఉంటే ఇది నా తెలివితేటల కథ అయ్యేది. ఆదివారం వచ్చింది.

ఆదివారం పొద్దున నేను పంజాగుట్టలో ఉన్నాను. కొత్త కంప్యూటర్ టేబుళ్లు చేస్తున్న వడ్రంగి షెడ్డుకి వెళ్లి, ఇప్పుడే వద్దు, ఆపమని చెప్పాలి. అక్కడ ఉండగా చటుక్కున గుర్తొచ్చింది, ట్రాలీ అన్నని రమ్మన్నాను కదా. రావద్దని చెప్పనే లేదు. రోడ్డు మీద కాయిన్ ఫోన్ దగ్గరికి పరిగెత్తి ఇన్‌స్టిట్యూట్‌కి చేశాను. వాచ్‌మన్ టిఫినుకి పోయాడేమో, ఫోన్ ఎత్తింది ట్రాలీ అన్నే.

పిల్లలూ, ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. మా వైపు ఇళ్లలో ఒక వస్తువుని భద్రంగా దాచమనడానికి "ఎత్తిపెట్టు" అంటాం. కొత్త చీర ఎత్తిపెట్టు. మిగిలిన సున్నుండలు ఎత్తిపెట్టు. నాకు మాటలు వచ్చినప్పటి నుంచి దానికి ఇంకో అర్థం ఉందని తెలియదు. ట్రాలీ నడిపేవాడికి ఎత్తడం అంటే ఒక్కటే పని.

"అన్నా, నువ్వు వచ్చేశావా. మంచిదే. ఆ బల్లలన్నీ జాగ్రత్తగా ఎత్తిపెట్టండి," అన్నాను.

"అన్నీనా?"

"అన్నీ. ఒక్కటి కూడా వదలొద్దు."

"మిషన్లు?"

"మిషన్ల జోలికి పోవద్దు. బల్లలకి గీత పడకూడదు సుమా."

"ఫికర్ జెయ్యకు అన్నా. గోనె సంచులు ఏసి ఎత్తిపెడత," అన్నాడు. ఫోన్ కట్టయింది.

గోనె సంచులు కూడా వేస్తున్నాడని నేను ఎంత సంతోషించానో చెప్పలేను. ఎదురుగా బండి మీద ఇడ్లీ తిన్నాను. రెండోసారి చట్నీ అడిగాను. మళ్లీ షెడ్డుకి పోయి వడ్రంగితో లెక్కలు తేల్చుకుని, మధ్యాహ్నానికి తీరుబడిగా నడుచుకుంటూ వెళ్లాను.

హాలు తలుపు దగ్గర మేడం నిలబడి ఉన్నారు. ఆదివారాలు కూడా ఆఖరి బ్యాచ్‌కి ప్రాక్టీసు పెడుతున్నారప్పుడు. హాలు అంతా ఖాళీ. పదకొండు టైపు మిషన్లూ నేల మీద, గోడ పక్కన వరసగా, పంక్తి భోజనానికి కూర్చున్నట్టు ఉన్నాయి. ట్రాలీ అన్న శ్రద్ధగల మనిషి. ఒక్కోదాని కింద పేపరు కూడా పరిచాడు.

"బల్లలేవి తమ్మీ?" అన్నారు మేడం.

నేను నోరు తెరిచాను. మొట్టమొదటిసారి నా నోట్లోంచి ఏ కథా రాలేదు.

అంతలోనే ట్రాలీ అన్న చెమట తుడుచుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. ఆఖరి ట్రిప్పు వేసి, గోనె సంచి ఒకటి మర్చిపోయానని వచ్చాడట.

"అన్నా, బల్లలేం చేశావు?"

"ఎత్తిపెట్టమన్నవు కదా. ట్రాలీల ఎత్తిపెట్టి తీస్కపోయిన. రెండు ట్రిప్పులు."

"ఎత్తిపెట్టమంటే దాచి పెట్టమని అన్నా."

ఆయన నన్ను చూశాడు, మేడంని చూశాడు. "దాచి పెట్టుమంటె దాచి పెట్టుమనాలె. ఎత్తిపెట్టుమంటె ఎత్తి పెడ్త. గిదేం భాష అన్నా మీది," అన్నాడు.

"ఎక్కడున్నయ్ ఇప్పుడు?" అన్నారు మేడం.

"ఎర్రగడ్డల. రైతుబజారు బయట రోడ్డు మీద కూరగాయలు అమ్మే అవ్వలకు ఇచ్చేసిన. నేల మీద పెట్టుకుంటే వానకు తడుస్తుండె కదా వాళ్ల సరుకు. పుణ్యముంటదని ఊకెనే ఇచ్చిన."

ముగ్గురం ట్రాలీ ఎక్కాం. మేడం ముందు అన్న పక్కన, నేను వెనక గోనె సంచుల మీద. దారంతా ఆలోచిస్తూనే ఉన్నాను, అవ్వలకి ఏం చెప్పి వెనక్కి తీసుకోవాలా అని.

ఎర్రగడ్డ చేరాక కనబడిన దృశ్యం చూస్తే మీకూ తెలిసేది ఆ బల్లలు దేనికి పుట్టాయో. రోడ్డు పక్క బారుగా మా బల్లలు. ఒకదాని మీద ఉల్లిగడ్డలు, ఒకదాని మీద దొండకాయలు, ఒకదాని మీద కొత్తిమీర కట్టలు. వెనక చిన్న పీట వేసుకుని కూర్చున్న అవ్వ చెయ్యి సరిగ్గా సరుకు మీదికి వస్తోంది. అంగుళం ఎక్కువ లేదు, తక్కువ లేదు. టైపు మిషనుకి కొలిచి చేసిన ఎత్తు ఉల్లిగడ్డకి కూడా అంత ఒద్దికగా సరిపోతుందని ఏ వడ్రంగి ఊహించి ఉంటాడు? నేను వారమంతా అమీర్‌పేటలో మనుషుల్ని వెతికాను. కావలసినవాళ్లు ఇక్కడ కూర్చున్నారు.

నేనే ముందుకెళ్లాను. ఉల్లిగడ్డల అవ్వ వాళ్లందరికీ పెద్ద అని ట్రాలీ అన్న చెప్పాడు.

"అవ్వా, ఈ బల్లలు పరీక్షల డిపార్టుమెంటువి. ప్రతిదానికీ అడుగున నంబరుంది. ఇన్‌స్పెక్టరు బయల్దేరాడు. వచ్చాడంటే మీ సరుకు కూడా పట్టుకుపోతాడు. మీ మంచికోరి చెబుతున్నా," అన్నాను. నేను అల్లినవాటిలో అది ఒకానొక మంచి అల్లిక అని ఇప్పటికీ అనుకుంటాను.

అవ్వ తక్కెడ దించలేదు. "రానీ బిడ్డ. గాయన ఇంట్ల ఉల్లిగడ్డ తినరా? రెండు కిలోలు కడ్త," అంది. పక్క అవ్వలు నవ్వారు. దొండకాయల ఆవిడ, "నంబరుంటే సూపియ్," అని బల్ల కిందికి వంగి చూసింది. నంబరు లేదు.

అప్పుడు మేడం నన్ను పక్కకి జరిపి, అవ్వ ఎదురుగా కింద కూర్చున్నారు. రోడ్డు మీదే.

"అవ్వా, నేను టైపు నేర్పుత. పదకొండు మంది ఉన్నరు నాకాడ. ఇంక పది దినాలల్ల పరీక్ష. గీ బల్ల లేకుంటే వాళ్ల చెయ్యి నడవది. ఒకామె సంగారెడ్డికెళ్లి వస్తది, చంటి పిల్లను అత్త కాడ ఇడిసి. బల్లలు ఎవ్వరిచ్చిన్రో, ఎట్లొచ్చినయో అది మా తప్పు. నీ తప్పు గాదు. గంతే. పరీక్ష అయినంక నేనే తెచ్చిస్త."

అంతే చెప్పారు. కన్నీళ్లు లేవు, ఏడుగురు లేరు, ఇన్‌స్పెక్టరు లేడు.

అవ్వ కాసేపు మేడం చేతుల వంక చూసింది. "గీ చేతులతోనేనా నేర్పుడు?" అంది.

"అవును."

"నా మనుమరాలు సుత ఏదో నేర్చుకుంటనంటుంది," అని, లేచి, ఉల్లిగడ్డలన్నీ మళ్లీ నేల మీది సంచి మీదికి దొర్లించడం మొదలుపెట్టింది. "ఏయ్, లేవున్రి. పరీక్షలంట. అయినంక మళ్ల వస్తయంట," అని మిగతావాళ్లని కేకేసింది.

అందరూ లేవలేదు. కొత్తిమీర ఆవిడ ససేమిరా అంది. టమాటాల ఆవిడ బేరం ఒత్తిడిలో ఉండి మా వైపే చూడలేదు. ఇంకొకావిడ అప్పటికే బల్ల ఇంటికి పంపేసింది. తొమ్మిది బల్లలు దొరికాయి. పదకొండు మందికి తొమ్మిది బల్లలు. మేడం ట్రాలీ ఎక్కుతూ వేళ్ల మీద లెక్క పెట్టి, "ఇద్దరిద్దరు మార్చుకుంటరు. సాలు," అన్నారు.

సోమవారం డైరెక్టర్ గారు హాల్లోకి వచ్చి తొమ్మిది బల్లలు చూసి, నా వైపు తిరిగారు. నేను గొంతు సవరించుకునేలోపు మేడమే చెప్పారు: "తొమ్మిదే ఉన్నయ్ సారు. మిగిలినయ్ పోయినయ్. పొద్దుగాల జావా, పగటీలి మేము."

ఆయన గోడకానుకుని ఆలోచించి, "తొమ్మిదే అంటే డిమాండ్ ఇంకా పెరుగుద్ది," అన్నారు. వ్యాపారం తెలిసిన మనిషికి నష్టమనేది ఉండదని అప్పుడే నాకు అర్థమైంది. అయితే పుకారు ఆయుష్షు తక్కువ. బుధవారానికి ఎదురు బిల్డింగులో మూడో అంతస్తు ఏసీ గదిలో కూర్చుంటే ఆఫర్ వస్తుందని ఇంకో పుకారు బయల్దేరింది. దాన్ని నేను పుట్టించలేదు. మా జావా పిల్లలు సగం మంది అటు చూడ్డం మొదలుపెట్టారు. మిగిలినవాళ్లకి మాత్రం ఒక లాభం కలిగింది. రెండు వేళ్లతో కోడు కొట్టే ఆ ఇంజనీర్లని చూడలేక, మేడం పొద్దున్నే వచ్చి వెనక నిలబడేవారు. "పదివేళ్లు ఇచ్చిండు దేవుడు. మిగిలిన ఎనిమిది ఎవరికోసం దాస్తున్నవ్ బిడ్డా?" అనేవారు.

పరీక్ష అయింది. ఇద్దరు తప్ప అందరూ పాసయ్యారు. సంగారెడ్డి ఆమె పాసయిన వార్త చెప్పడానికి పిల్లని ఎత్తుకుని వచ్చింది. ఆ పిల్ల మేడం కళ్లజోడు లాగేసింది. తర్వాత కొన్నాళ్లకి పంజాగుట్టలో ఒక ఆఫీసు పెట్టారు, ఎక్కడో డాక్టర్లు మాటల్లో చెప్పినదాన్ని చెవికి పెట్టుకుని విని టైపు చేసే పని. అక్కడ కొత్తవాళ్లకి వేళ్లు నేర్పడానికి మేడంని తీసుకున్నారు. టైపు కాలం అయిపోయిందన్న మా డైరెక్టర్ గారే సిఫారసు ఉత్తరం రాశారు. దాన్ని టైపు చేసింది మేడమే. ఆయన రాసినదాంట్లో మూడు తప్పులు దిద్దారట.

పరీక్ష అయిన మర్నాడు తొమ్మిది బల్లలూ ఎర్రగడ్డకి తిరిగి వెళ్లాయి. ట్రాలీ అన్నతో నేనే వెళ్లాను. ఈసారి "లోడ్ చెయ్యి అన్నా" అని ఇంగ్లీషులో చెప్పాను, ఏ గొడవా లేదు. ఉల్లిగడ్డల అవ్వ బల్ల అంతా చేత్తో తడిమి చూసుకుని, గీతలు లేవని నిర్ధారించుకుని, "పిల్లలు పాసయితరా?" అని అడిగింది. అవుతారన్నాను. ఫలితాలు ఇంకా రాలేదు గానీ, ఆ ఒక్క అబద్ధం నాకు చెప్పాలనిపించింది. అక్కర్లేని సామాను వదిలించుకుని, మళ్లీ దాన్నే బదులు తెచ్చుకుని, గడువులోపల తిరిగి ఇచ్చిన అడ్మిన్‌ని నేను తప్ప ఇంకెవరూ లేరు. సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వరు కాబట్టి నేనే రాసుకుంటున్నాను.

ఇంతవరకూ వచ్చారు కాబట్టి, ఒక సంగతి ఒప్పుకోవాలి. ఇందులో ఒక భాగం కల్పించాను. మీరు కానిస్టేబులు అనుకుంటున్నారు, నాకు తెలుసు. కాదు. ఆయన నిజంగా బల్ల తెచ్చిచ్చాడు. ఏడుగురి పుకారు నేను నిజంగానే పుట్టించాను. ఎత్తిపెట్టమన్నదీ నేనే.

ఆ ఆదివారం ఎర్రగడ్డకి నేను వెళ్లలేదు. అది కల్పన. ట్రాలీ ముందు సీట్లో మేడం ఎక్కారు, అన్న బండి తీశాడు, వెనక గోనె సంచుల మీద ఎవరూ లేరు. మేడం, అవ్వ మాట్లాడుకున్న మాటలు అన్న నాకు తర్వాత చెప్పినవి. నేను ఆ ఖాళీ హాల్లో, నేల మీది మిషన్ల పక్కన కూర్చుని, డైరెక్టర్ గారికి ఏం చెప్పాలా అని అల్లుతూ ఉన్నాను. పరీక్షల డిపార్టుమెంటు, అడుగున నంబర్లు, ఇన్‌స్పెక్టరు, అన్నీ అక్కడే తయారయ్యాయి. చాలా బాగా కుదిరింది. అంతలో కింద ట్రాలీ ఆగిన చప్పుడు వినబడింది. కిటికీలోంచి చూస్తే తొమ్మిది బల్లలు. మేడం పైకి చూసి, "తమ్మీ, రా. దించాలె," అన్నారు. ఎందుకు రాలేదని అడగలేదు, ఆ రోజూ అడగలేదు, తర్వాతా అడగలేదు. దిగి వెళ్లి బల్లలు మోశాను. ఒక్కోటీ రెండంతస్తులు. ఆరో బల్లకి నడుం పట్టేసింది.

ఇన్‌స్పెక్టరు కథ ఎవరికీ చెప్పే అవసరమే రాలేదు. అంత మంచి అబద్ధం ఇన్నేళ్లు వాడకుండా పడి ఉంది. వదిలించుకోవాలనిపించి ఇక్కడ పెట్టాను.